రెండో వరసలో మొహం

ఒక్క మొహం కోసం వచ్చాడు వడ్రంగి. తమ్ముడు కనపడకుండా పోయి వారం కావస్తోంది. పనికని బయల్దేరినవాడు పనిలోకీ చేరలేదు, ఇంటికీ రాలేదు. పోలీస్ స్టేషన్‌కి వెళ్తే, "మొహం స్పష్టంగా ఉన్న ఫోటో పట్రా, అన్నిచోట్లా అంటిస్తాం" అన్నారు. ఆ ఫోటోయే లేదు. తమ్ముడికి ఫోటో అంటే ఒళ్లుమంట, ఫోను వాడితోపాటే పోయింది, గుర్తింపు కార్డు మీదున్నది పాలబుగ్గల పిల్లాడి మొహం. అన్నదమ్ములిద్దరూ చెక్కపెట్టెలు కొట్టే ప్యాకింగ్ షెడ్డులో ఈమధ్య అందర్నీ నిలబెట్టి తీసిన గ్రూపు ఫోటో ఒక్కటే దిక్కు. అది తీసింది కెమెరా బాబాయ్.

ఆ బాబాయేమో స్టూడియోకి తాళం వేసి, పక్కనున్న టీకొట్టు బల్లమీద బైఠాయించాడు. "కంప్యూటర్ వేడెక్కాలి నాయనా, కూర్చో" అన్నాడు. కోతలు కోయడంలో ఆయన తర్వాతే ఎవరైనా. బయట వాన. టీకొట్టు అత్త, సైకిళ్లు బాగుచేసే మామ, వడ్రంగి, ముగ్గురూ కదల్లేకుండా దొరికారు. ఆయనకింకేం కావాలి?

"ఆ ఫోటో ఏ లెన్సుతో తీశాననుకున్నావ్? మా నాన్న కాలం నాటిది, సొరకాయంత ఉంటుంది. కెమెరా ఏమో నిన్నగాక మొన్నొచ్చిన మిర్రర్‌లెస్. ఒకదాని మాట ఒకదానికి అర్థం కాదు. మధ్యలో అడాప్టర్ అని ఒక రింగు బిగించాలి, అదే వీటికి మధ్యవర్తి. బిగించానా, ఆటోఫోకస్ అందుకోదే! జర్రున ముందుకి, జర్రున వెనక్కి, కళ్లజోడు నెత్తిన పెట్టుకుని ఇల్లంతా వెతికే ముసలాయన్లాగా! ఇంకొకడైతే లెన్సుని అటకెక్కించేవాడు. నేనా? రింగు విప్పి, లోపల కరెంటు అందించే ఇత్తడి చుక్కలుంటాయే, వాటిని పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్దాను. టక్కున పట్టేసింది!"

"ఆ మాత్రం నేనూ చేస్తాగా, సైకిల్ డైనమోకి" అన్నాడు మామ.

"ఆగవయ్యా, అసలు సంగతి ఇంకా మొదలే కాలేదు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? అడాప్టర్ లోపలి ప్రోగ్రాం పాతది. కంపెనీకి ఫోన్ చేస్తే, మా వల్ల కాదు మహానుభావా అని చేతులెత్తేశారు. నేనే కూర్చుని మొత్తం తిరగరాశాను. ఇక చూస్కో దాని జోరు! ఎగిరే గద్దకి గురిపెడితే దాని కంట్లో నా బొమ్మ కనపడింది, చొక్కాకి ఊడిన గుండీతో సహా. చీమని తీస్తే అది మోసుకెళ్తున్న పంచదార పలుకుకి మూలలెన్నో చెప్పొచ్చు!"

అత్త నవ్వింది. వడ్రంగికి నవ్వు రాలేదు. తలుపే తీయకుండా కంప్యూటర్ ఎలా వేడెక్కుతుందో అతనికి అర్థం కాలేదు, అడగాలంటే భయమేసింది. "బాబాయ్, ఈపాటికి అయ్యుంటుందేమో" అన్నాడు చిన్నగా.

"అవుతుంది, అవుతుంది. ఇది విను ముందు. పొగమంచులో తీస్తే మంచుని పక్కకి నెట్టేసి మరీ పట్టుకుంది. గోడకి పెడితే గోడవతల పక్కింటావిడ పోగొట్టుకున్న ఉంగరం దొరికింది. మొన్నటికి మొన్న ఖాళీ వీధి మలుపుకి గురిపెట్టానా, పీప్ మంది. ఏముందక్కడ? పిట్టమనిషి లేడు. ఇదేం చోద్యంరా అనుకునేలోగా పోస్ట్‌మ్యాన్ మలుపు తిరిగొచ్చాడు! మనిషి రాకముందే మొహం పట్టేసిందన్నమాట!"

"అయితే ఈ వాన ఎప్పుడాగుతుందో కూడా దాన్నే అడుగు" అంది అత్త.

"నవ్వండి, నవ్వండి! ఇసకేస్తే రాలని జనంలో ఒక తల్లి 'నా బిడ్డేడీ' అని గుండెలు బాదుకుంటుంటే, కెమెరా అలా ఒక్క తిప్పు తిప్పానో లేదో, అన్ని వేలమందినీ వదిలేసి నేరుగా ఆ పిల్లాడి మొహం మీదే ఆగింది. తప్పిపోయినవాడు భూమ్మీద ఎక్కడున్నా సరే, నా లెన్సు కంట పడక తప్పదు!"

అన్నాక గానీ తానేమన్నాడో ఆయనకి తెలియలేదు. అత్త గ్లాసులు కడగడం ఆపేసింది. మామ తల దించుకున్నాడు.

అబద్ధమని వడ్రంగికి తెలుసు, అయినా ఆశ పుట్టింది. అలా పుట్టినందుకు తనమీద తనకే అసహ్యం వేసింది. చొక్కా లోపలినుంచి ప్లాస్టిక్ కవర్ తీసి, షెడ్డు గోడ మీదనుంచి పీక్కొచ్చిన గ్రూపు ఫోటోని బల్లమీద పెట్టాడు. వెనక గోడకున్న ఇటుకలు ఒక్కొక్కటీ లెక్కపెట్టొచ్చు. ముందు నిలబడ్డ మనుషుల మొహాలే తడిచేత్తో తుడిచేసినట్టున్నాయి.

"నీ లెన్సు తీసిందే, బాబాయ్. వాడెక్కడ నిలబడ్డాడో నాకు తెలుసు, మొహమే లేదు. నీ కంప్యూటర్లో ఉన్న అసలు ఫోటోలోనైనా కనపడుతుందేమోనని వచ్చాను. చూపించు, మా తమ్ముడెవరో."

"ఇదేమన్నా బ్రహ్మవిద్యా!" బాబాయ్ గొంతు సవరించుకున్నాడు. వేలు ఒక చివరనుంచి ఇంకో చివరకి పోయింది, మళ్లీ వెనక్కొచ్చింది. చివరికి రెండో వరసలో ఎత్తుగా ఉన్న మనిషి మీద ఆగింది. "ఇదిగో! నాకు బాగా గుర్తు. ఫోటో తీస్తుంటే నవ్వాడు కూడా."

"అది నేను."

బాబాయ్ వేలు వెనక్కి తీసుకున్నాడు. "మరి... లైటింగు నాయనా... పైగా మీ ఇద్దరికీ పోలిక..."

"అసలు కాపీ కూడా ఇంతేనా?"

బాబాయ్ చేతిలో తాళంచెవి తిప్పుతూ కూర్చున్నాడు. "ఇంతే" అన్నాడు.

వడ్రంగికి ఏడుపు ముంచుకొచ్చింది, ఆయన్ని పట్టుకుని కొట్టాలనీ అనిపించింది. రెండూ చెయ్యలేదు. "పోలిక ఉందా నిజంగా?" అని అడిగాడు. "నీకు దణ్ణం పెడతాను బాబాయ్, ఈ ఒక్కసారికి కోత కోయకు. ఉందా?"

బాబాయ్ తలెత్తి మొదటిసారి అతని మొహంలోకి నిదానంగా చూశాడు.

"ఉంది. ఆ నుదురు, ఆ కళ్లు... ఉంది."

"అయితే లే. తలుపు తీయి. నన్ను తీయి, వాడి పేరు పెట్టి స్టేషన్‌లో ఇస్తాను."

బాబాయ్ లేచి వెళ్లి తాళం తీశాడు. వడ్రంగి సైకిల్ మామ వైపు తిరిగాడు.

"మామా, నీ దగ్గర బ్లేడుందా?"

"ఎందుకురా ఇప్పుడు?"

"వాడికి మీసం లేదు."