నిమ్మమొక్క దగ్గర మలుపు

“ముప్పై ఏళ్ళ సర్వీసులో నా బండి ఒక్క అడుగు వెనక్కి వేయలేదమ్మాయ్!”

రిటైరైన రైలు డ్రైవరు బొమ్మరైలుకి పట్టాలు వేద్దామని పొద్దుటినుంచీ టేపు, పలుగు పట్టుకుని మంచమంత పెరట్లో కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాడు. కోడలు నిమ్మమొక్కకు అడ్డంగా నిలబడింది.

“అందుకని దీన్ని పీకేస్తారా మావయ్యా? తొలిపూత!”

“మలుపుకి చోటు చాలట్లేదు. బొమ్మరైలు మూడుసార్లు బోల్తాకొట్టింది.”

“గుండ్రంగానే ఎందుకు తిరగాలి? గోడ వెంట తిన్నగా వెళ్ళి, వెనక్కి రాకూడదా?”

“వెనక్కా! నా పరువేంగాను?”

“మీ పరువు కాయలు కాస్తుందా?”

మొక్క చుట్టూ మరో రెండుసార్లు తిరిగి, పలుగు గోడకి ఆనించాడు.

“సరే. వెనక్కి నడపడం నాకు కొట్టినపిండే.”

“ఇందాక ఒక్క అడుగూ వేయలేదన్నారు?”

“అదొక్కటీ కోతలు కోశాన్లే. నా సర్వీసంతా యార్డులో రైలుపెట్టెల్ని ముందుకీ వెనక్కీ తోయడమే తల్లీ!”