పాలు పితికే వేళకి సినిమా

కాదండీ రైటర్ గారూ, 'తప్పిపోయాయి' అని రాయకండి. తప్పిపోవడానికి అవేమన్నా చిన్నపిల్లలా? నాలుగు ఆవులు రాత్రికి రాత్రి కొట్టం తలుపు గొళ్ళెం వాటంతట అవే తీసుకుని పోయాయా? ఎత్తుకుపోయారు. ఆ మాటే రాయండి.

సరే, పెన్ను మీది. మీ ఇష్టం.

మీ ఇంటికి పాలు పోసేదాన్ని, మీకు తెలియందేముంది. ఈ వారమంతా ప్యాకెట్ పాలేనటగా, కాఫీ నీళ్ళలా ఉందని అమ్మగారు అన్నారు. ఏం చెయ్యను, నా చేతిలో ఉంటే కదా.

అదిగో, పోలీస్ స్టేషన్ బయట సైకిలు పట్టుకుని నిలబడ్డాడు చూడండి, ఆయనే మా ఆయన. లోపలికి రమ్మంటే రానన్నాడు. 'నువ్వయితే మాట్లాడతావే' అని నన్ను తోశాడు. మాట్లాడుతూనే ఉన్నాను కదా, వింటున్నారా?

ఎవరి మీద అనుమానమా? అనుమానమేమిటండీ, మా ఆయనకి మొదటి రోజే తెలిసిపోయింది. ఎలాగంటే, నవ్వకూడదు మరి. సినిమాల వల్ల.

గుర్రాల సినిమాలండీ. టోపీలు, తుపాకులు, ఆవుల్ని తోలుకుపోయే దొంగలు. వీడియో షాపాయన షాపు ఎత్తేస్తూ, పారేయడానికి మనసొప్పక ఒక గోనెసంచెడు క్యాసెట్లు మా ఆయనకి అంటగట్టాడు. అన్నీ పాతవి, నలుపూ తెలుపూ. మాటలు ఒక్క ముక్క అర్థం కావు. అర్థమయ్యే అవసరమూ లేదు. ఆవులుంటాయి. దొంగలు తోలుకుపోతారు. ఒకాయన గుర్రమెక్కి వెళ్తాడు. ఆవులొస్తాయి. అంతే కథ.

పాపం, చేతిలో పైసా లేనివాళ్ళు తీసినట్టుంటాయి. ఉన్నది ఒక్కటే కొండ. దొంగలు పారిపోయేదీ దాని పక్కనుంచే, హీరో తరిమేదీ దాని పక్కనుంచే. మెట్ల మీంచి దొర్లిపడినా హీరో టోపీ ఊడదు. పెద్ద మందని చూపించాలని ఉన్న కాసిని ఆవుల్నే తిప్పి తిప్పి తోలతారు. వాటిల్లో ఒకదానికి కొమ్ము వంకర. ఒకసారి పోతుంది, మళ్ళీ వస్తుంది, ఇంకోసారి వస్తుంది. వచ్చినప్పుడల్లా మా ఆయన, 'ఒసే, మన వంకరది వచ్చిందే' అని నన్ను కేకేస్తాడు. సొంత అక్క గడపలో అడుగుపెట్టినంత సంబరం ఆయనకి.

వస్తున్నానండీ, దొంగ దగ్గరికే వస్తున్నాను.

ఆ సినిమాల్లో గుర్రాల మీద తిరిగే మొరటువాళ్ళు ఉత్త కూలివాళ్ళు. అసలువాడు ఊళ్ళోనే ఉంటాడు. ఊరంతా దుమ్ము కొట్టుకుపోయినా వాడి కోటు మీద మరక ఉండదు. ఆవులు పోయిన ఇంటికి అందరికంటే ముందు పరామర్శకి వచ్చేది వాడే.

మా ఇంటికి ముందు ఎవరొచ్చారో తెలుసా? ఇటుకల బట్టీ ఓనరు గారు. తెల్ల చొక్కా, ఇస్త్రీ మడత నలగలేదు. పేడలో కాలు పడకుండా చూసుకుంటూ కొట్టం దాకా వచ్చి, 'అయ్యయ్యో, ఎంత పనైందమ్మా' అన్నాడు. ఆయన అటు వెళ్ళగానే మా ఆయన నా చెవిలో 'వీడేనే' అన్నాడు.

తిట్టాను. సినిమా పిచ్చి ముదిరి పాకాన పడిందన్నాను. తీరా చూస్తే, బట్టీలో ఇటుకలు మోసే ఆవిడ వచ్చి చెప్పింది. వెనక రేకుల షెడ్డులో మా నాలుగు ఆవులూ ఉన్నాయట.

పెన్ను పెట్టేశారేం?

వినండి, పోనీ వినడానికేం పోయింది. మా ఆయన వెళ్ళాడు. హీరోకి గుర్రముంది, ఈయనకి సైకిలుంది. దారిలో చైను ఊడితే ఎక్కించుకుని, చేతుల నిండా మడ్డితో వెళ్ళాడు. షెడ్డు తడిక దగ్గర నిలబడి నాలుక చప్పుడు చేశాడట, రోజూ పిలిచినట్టు. మా పెద్దావు గబగబా వచ్చి తడిక సందులోంచి మూతి పెట్టి ఈయన చొక్కా జేబు నాకిందట. జేబులో ఉప్పుకల్లు ఉంటుంది దానికోసం. దూడగా ఉన్నప్పట్నుంచీ అదే అలవాటు. ఇంతకంటే సాక్ష్యమేం కావాలి?

ఏమన్నారు? ఉప్పు చూపిస్తే ఏ ఆవైనా నాకుతుందా? ఓనరు గారూ అదే అన్నాడు. ఇద్దరూ కూడబలుక్కున్నట్టు ఒకటే మాట.

ఆ మాట అనేసి, ఓనరు గారు కుర్చీ వేసి టీ తెప్పించాడట. సినిమాలో అయితే ఆ టీ మొహాన పడాలి, బల్ల తిరగబడాలి. మా ఆయన ఏం చేశాడో తెలుసా? తాగాడు. చేతి మడ్డి అంటిందని గ్లాసు కడిగి మరీ పెట్టాడు. 'వస్తానండీ' అని చెప్పి వచ్చేశాడు. ఇంటికొచ్చాక, టీలో పంచదార ఎక్కువైందన్నాడు. ఏడవాలో నవ్వాలో తెలియలేదు నాకు.

గుర్తులా? చెవికి బిళ్ళా? అదే కదండీ మా కొంప ముంచింది.

ఆ మధ్య పశువుల డాక్టరు గారు బిళ్ళలు వేయడానికి వచ్చారు. చెవి పట్టుకోగానే పెద్దావు అరిచింది. అంతే, ఈయన ఆయన్ని దండం పెట్టి పంపించేశాడు. మన గుర్తు మనమే వేసుకుందాం, సినిమాలో లాగా అన్నాడు. సినిమాలో ఇనుము కాల్చి తొడ మీద వాత పెడతారు. చెవి కుట్టనివ్వని మనిషి వాత పెడతాడా? తలకి వేసుకునే నల్లరంగు తెచ్చాడు. గిన్నెలో కలిపి, బ్రష్షుతో నాలుగింటికీ తెల్లటి తొడల మీద సున్నా చుట్టి మధ్యలో గీత గీశాడు. 'ఇక ఎవడు ముట్టుకుంటాడో చూస్తా' అన్నాడు. మిగిలిన రంగు మీసాలకి పూసుకున్నాడు.

నవ్వండి. నేనూ నవ్వాను ఆరోజు.

ఎండలు ముదిరేసరికి ఆవులు బొచ్చు రాల్చాయి. దాంతోపాటే గుర్తూ రాలింది. సినిమా దొంగలు నానా తంటాలు పడి గుర్తు మారుస్తారు. మా దొంగకి ఆ కాస్త శ్రమా లేకుండా చేశాం మేం.

సోమవారం లారీ వస్తుందట. ఆవుల్ని ఎక్కించేస్తే ఇంక ఆశ లేదు. ఈలోగా మీరొక్కసారి వచ్చి చూడండి సార్. మీకూ టీ ఇస్తాడు, తాగండి, నేనేం అనుకోను. తాగాక ఆ షెడ్డులోకి ఒక్కసారి తొంగి చూడండి.

ఫోనా? మాట్లాడండి, ఆగుతాను.

'సరేనండీ, చూసుకుంటానండీ' అని లేచి నిలబడి మరీ మాట్లాడారే. ఎవరని నేను అడగనులెండి.

ఒక్క మాట చెప్పి వెళ్ళిపోతాను. అన్ని సినిమాలు చూశామా, ఒక్కదాని చివరా నేను చూడలేదు. సరిగ్గా సాయంత్రం పాలు పితికే వేళకే ఆ హీరో గుర్రమెక్కుతాడు. నేను బకెట్ పట్టుకుని లేస్తాను. పితికి వచ్చి ఏమైందని అడిగితే, 'ఆవులొచ్చేశాయే' అంటాడు. ఎప్పుడూ అదే మాట. వెర్రి మనిషి, ఎలాగూ వస్తాయని తెలిసీ రోజూ ఏం చూస్తాడో అనుకునేదాన్ని.

నిన్న చివరిదాకా చూశాను. లేవడానికి పనేముంది కనక. హీరో వెళ్ళాడు, ఆ కొండ పక్కనే కాల్చుకున్నారు, టోపీ ఊడలేదు. తర్వాత ఎవరో గేటు తీశారు. దుమ్ములోంచి ఒక్కొక్కటే వచ్చాయి. ఇంటికొచ్చే ఆవు నడక వేరుగా ఉంటుందండీ, తల వంచుకుని, తొందర లేకుండా. వంకర కొమ్ముదీ వచ్చింది. మా ఆయన నన్ను పిలవలేదు.

ఈ కాస్త ముక్క కోసమే రోజూ కూర్చునేవాడని అప్పుడు అర్థమైంది నాకు. పోయినవి తిరిగి రావడం మేం ఇంకెక్కడ చూశాం చెప్పండి.

అవి గేటు దాటుతుంటే ఏమనుకున్నానో, లేచి వెళ్ళి బకెట్ కడిగాను. నీళ్ళు వంపేసి కొట్టం దాకా నడిచాను. గుంజలు ఖాళీగా కనబడ్డాక గాని తెలివి రాలేదు. వెనక్కి తిరిగితే గడపలో మా ఆయన నిలబడి ఉన్నాడు, గుప్పిట్లో ఉప్పుకల్లు పట్టుకుని.

రాసుకోండి సార్. తప్పిపోయాయనే రాసుకోండి. సంతకం ఎక్కడ పెట్టమంటారు?