మాస్టారి తలలో ఓంకారం

అది పంతొమ్మిది వందల డెబ్భై తొమ్మిది. ముక్తేశ్వరం పక్క పల్లెటూళ్లో బడిపంతులు నరసింహమూర్తి గారి తలలో ఓంకారం పలుకుతోందని మూడేళ్లుగా చుట్టుపక్కల ఊళ్లన్నీ కోడై కూస్తున్నాయి. ఈమధ్య ఆయనకి తలనొప్పీ వాంతులూ పట్టుకుంటే, భార్య కనకవల్లి పంటు మీద గోదావరి దాటించి, రాజమండ్రిలో డాక్టరు జోగేశ్వరరావు గారి దగ్గరికి లాక్కొచ్చింది. డాక్టరుగారు స్టెతస్కోపు గుండె మీద పెట్టడం పోయి, పంతులుగారి కుడిచెవి వెనక పెట్టారు.

"కదలకండి మాస్టారూ. మాట్లాడకండి."

"వినబడుతోందాండి డాక్టరుగారూ?"

"మీరూ మాట్లాడకూడదమ్మా. ఆఁ... వినబడుతోంది."

"చూశావా కనకం, డాక్టరుగారికీ వినబడింది. మా ఊళ్లో గురువారం గురువారం జనం తలస్నానాలు చేసొచ్చి, సరిగ్గా అక్కడే చెవి ఆనించి వింటారండి. నేనెవర్నీ పిలవను. కొబ్బరికాయలు కూడా వద్దంటాను."

"వద్దంటే మానేస్తారేంటి? మా ఇంట్లో మూడేళ్లుగా పూటపూటా కొబ్బరి పచ్చడేనండి."

"చెయ్యి ఇలా ఇవ్వండి మాస్టారూ. నాడి చూడాలి. ఊఁ... ఈ ఓంకారం నాడితో పాటే కొట్టుకుంటోందే."

"ప్రాణమూ ప్రణవమూ ఒకటే కదండీ."

"సరే. ఇప్పుడు చెవి వెనక వేలితో నొక్కుతున్నాను. వినబడుతోందా?"

"ఉండండి, విననివ్వండి."

"మాస్టారూ?"

"కాస్త తగ్గినట్టుందండి."

"తగ్గిందా, ఆగిందా?"

"ఆగినట్టే... వేలు తీసెయ్యండి బాబూ. అపచారం."

"తీశాను. వచ్చిందా?"

"వచ్చిందండి."

"మంచిది. మీరు పక్కగదిలోకి వెళ్లండి, మా కాంపౌండరు బరువు చూస్తాడు. దొరబాబూ, మాస్టారి బరువు చూడమన్నాను. నిన్ను చెవి కడుక్కోమన్లేదు."

పంతులుగారు దొరబాబు వెంట వెళ్లారు. రెండు గదుల మధ్యా ఉన్నది గుడ్డ తెర ఒక్కటే.

"కూర్చోండి కనకవల్లిగారూ. అది ఓంకారం కాదమ్మా."

"తెలుసండి."

"తెలుసా?"

"ముందు జబ్బేంటో చెప్పండి."

"గుండె నుంచి రక్తం తెచ్చే గొట్టానికీ, తిరిగి తీసుకెళ్లే గొట్టానికీ మధ్య వెంట్రుకల్లాంటి సన్న గొట్టాలుంటాయి. రక్తం జోరు తగ్గించేది అవే. మాస్టారికి చెవి వెనక, ఎముక లోపల, అవి లేకుండా ఒకటి తిన్నగా వచ్చి రెండోదాంట్లో పడుతోందని నా అనుమానం. మీ వైపు పెద్దకాలవని లాకు లేకుండా పిల్లకాలవలోకి వదిలితే ఏమవుతుంది?"

"గట్టు తెగుతుందండి."

"మీ ఊరంతా వింటున్నది ఆ హోరే. తలనొప్పులూ వాంతులూ అందుకే. గట్టు తెగితే మనిషి దక్కడు. వెల్లూరు తీసుకెళ్లండి. నాళాల్లోకి మందు ఎక్కించి ఎక్స్‌రేలు తీస్తారు, ఎక్కడ కలిసిందో తేలుస్తారు, తెరిచి కట్టేస్తారు. మూడేళ్ల క్రితమే డాక్టరు దగ్గరికి వెళ్లి ఉంటే..."

"వెళ్లామండి. ముగ్గురికి చూపించాం. ఒక్కరూ అక్కడ స్టెతస్కోపు పెట్టి వినలేదు. ఒకాయన చెవిలో గుబిలి తీశాడు. ఒకాయన నరాల బలహీనతన్నాడు. మూడో ఆయన మతి చెదిరింది, పిచ్చాసుపత్రిలో చూపించమన్నాడు. ఆ మాటతో ఈయన అన్నం మానేశారు. పిచ్చివాణ్ణి, పిల్లలకి పాఠం ఏ మొహంతో చెప్పను కనకం, గోదాట్లో పడతానన్నారు. చెవి ఆనించి చూశాను. నిజంగానే వినబడింది. నోటికొచ్చింది అనేశాను."

"ఏమని?"

"ఇది ఓంకారమండీ, మీ పూర్వజన్మ సుకృతం అని. ఆ పూటే కంచం ముందు కూర్చున్నారు. మర్నాడు బడికెళ్లారు. నేనన్నది ఆయనొక్కరితోనే. గురువారానికి ఊరంతా వచ్చి మా అరుగు మీద కూర్చుంది."

"ఇప్పుడు నిజం చెప్పక తప్పదమ్మా."

"వద్దండి. మూడేళ్లు దణ్ణాలు పెట్టించుకున్న మనిషి. ఇది ఒట్టి జబ్బు, మీ ఆవిడ కట్టిన కథ అంటే కుప్పకూలిపోతారు. ఓంకారానికి వెల్లూర్లో ఫోటో తీస్తారట అని చెప్పండి. సంతోషంగా రైలెక్కుతారు. ఆపరేషన్ సంగతి అక్కడికెళ్లాక చూసుకుందాం."

"నన్ను అబద్ధం చెప్పమంటారా?"

"నేను మూడేళ్లు చెప్పానండి. మీరు ఒక్కసారి చెప్పలేరా?"

"డాక్టరుగారికి ఆ కష్టం ఎందుకు కనకం?"

"అయ్యో. మీరెంతసేపట్నించి నుంచున్నారు తెర వెనక?"

"గుబిలి దగ్గర్నుంచి. డాక్టరుగారూ, వెల్లూరు వెళ్లాలంటే ఏ బండి ఎక్కాలండి?"

"అంటే... మాస్టారూ, మీకూ తెలుసా?"

"మొదటి వారమే తెలిసింది. బడి మెట్లెక్కితే రొప్పుతుంది, పిల్లల మీద కోప్పడితే పరిగెడుతుంది. ఓంకారమైతే అలా ఉంటుందాండి?"

"తెలిసీ ఎందుకు ఊరుకున్నారండీ? ఏమైనా అయితే నా గతేంటి? ఒక్కమాట నాతో చెబితే మీ సొమ్మేం పోయింది?"

"ఎలా చెప్పను కనకం? ఊరంతటికన్నా ముందు నువ్వే నమ్మేశావనుకున్నాను. మా ఆయన మహానుభావుడని పాపం అంత మురిసిపోతుంటే, నీ మనసు కష్టపెట్టలేకపోయాను."