పలావు జాబితాలో పదకొండో పేరు

మా వాడ పెద్ద అబ్దువోసిత్, పదిమందీ ఊరికే చేసిన సాయానికి కూలి కట్టి, ఒక వితంతువు చేతిలో బిల్లు పెట్టాడు. ఈ మాట అన్నిటికంటే ముందు ఉండాలని నేను పట్టుబట్టాను. ముందు పేరు, వయసు రాయాలని లెఫ్టినెంట్ గారన్నారు. ఐదు నిమిషాలు వాదించుకున్నాక ఆయనే కాగితం మార్చి మళ్ళీ మొదలుపెట్టారు.

నా పేరు సియోవుష్. తండ్రి పేరు నజ్ముద్దీన్. వయసు ఇరవై రెండు. ఇస్ఫారా బస్టాండు వెనక సైకిళ్ళు, నీటి పంపులు బాగుచేస్తాను. ఇంతకు ముందు నా మీద కేసుల్లేవు. ఈ రోజు 2023 జూన్ 15, గురువారం. వాంగ్మూలం ఉదయం పదీ ఇరవైకి మొదలైంది. రాసుకుంటున్నది మా వాడకే చెందిన లెఫ్టినెంట్ జమోల్ గారు.

మోహ్‌షరీఫ్ అనే ఆమె పెరటి అరుగు నుంచి ఏడు పలకలు పీకానని అబ్దువోసిత్ నా మీద ఫిర్యాదు చేశాడు. పీకిన మాట నిజం. ఏడే పీకాను. ఎనిమిదో దాన్ని ముట్టుకోలేదు.

మోహ్‌షరీఫ్ మా అమ్మ చిన్ననాటి స్నేహితురాలు. నేను పిన్ని అంటాను. ఆ చెక్క అరుగును ఆమె భర్త ముప్ఫై ఏళ్ళ కిందట ఖుబానీ చెట్ల కింద కట్టాడు. పొడవు నాలుగు మీటర్లు, వెడల్పు మూడు. కింది చట్రం మల్బరీ చెక్క, ఇప్పటికీ ఇనుములా ఉంది. పై పలకలు మాత్రం పుచ్చిపోయాయి. కిందటేడు ఒక పలక విరిగి ఆమె కాలు మోకాలిదాకా దిగబడింది. ఎండాకాలమంతా ఆమె ఆ అరుగు మీదే పండ్లు చీల్చి, గింజలు తీసి, ఆరబెడుతుంది. ఏడు చెట్లు. ఆమె ఏడాది తిండి అదే. మట్టిలో ఎండిన పండును ఎవరూ కొనరు.

పై పలకలు మార్చడానికి ఎంతవుతుందని పిన్ని ఏప్రిల్‌లో ఒక వడ్రంగిని అడిగింది. కూలితో కలిపి నాలుగు వేలకు పైనే అవుతుందన్నాడు. ఆమె దగ్గర అంత లేదు. అబ్దువోసిత్ చాయిఖానాలో నిలబడి, సామాను ఆమె కొనుక్కుంటే చాలు, పని హషర్‌గా చేద్దాం అన్నాడు. హషర్ అంటే ఏమిటో లెఫ్టినెంట్ గారికి నేను చెప్పనక్కర్లేదు. అందరూ వచ్చి పని చేస్తారు, ఎవరూ కూలి తీసుకోరు, ఇంటివాళ్ళు అన్నం పెడతారు. అంతే. అందులో ఇంకేమీ లేదు. పిన్ని కుట్టుమిషను అమ్మి, పలకలకు, మేకులకు, అవిసె నూనెకు 1,400 సొమోనిలు ఇచ్చింది. ఆ లెక్క అక్కడితో తీరిపోయింది.

హషర్ మే 21, ఆదివారం. ఉదయం ఆరున్నరకు మొదలై సాయంత్రం ఐదుకు ముగిసింది. పాత మేకులు పీకాం, పాప్లర్ పలకలకు చిత్రిక పట్టాం, ముప్ఫై ఒక్క పలకలు బిగించాం. నడిమి ఏడు పలకలకు మేకులు నేను కొట్టాను. నా మేకులు ఎడమకు వంగుతాయి, అందుకని ఎవరైనా గుర్తుపట్టొచ్చు. మధ్యాహ్నం పలావుకు ఎన్ని బియ్యం పొయ్యాలని పిన్ని అడిగితే, అబ్దువోసిత్ ఒక టీ పొట్లం చించి దాని వెనక పేర్లు రాసిచ్చాడు. పదిహేను పేర్లు. తొమ్మిదోది ముసలి ముల్లా గారిది. ఆయన చివర్లో వచ్చి, దువా చేసి, పలావు తిని వెళ్ళారు. సుత్తి ముట్టుకోలేదు.

తర్వాత మూడు వారాలపాటు పిన్ని నాకు ఎదురుపడలేదు. జూన్ 12, సోమవారం, సాయంత్రం నాలుగింటికి బజారులో రొట్టెల కొట్టు దగ్గర కనిపించింది. సలాం చేశాను. ముఖం తిప్పుకుంది. మళ్ళీ చేశాను. మూడోసారి నేను అడ్డం నిలబడితే, సంచిలోంచి ఒక కాగితం తీసి నా చొక్కా జేబులో కుక్కింది.

"నా పలావు తిన్న చేతినే కూలికి కూడా చాపావా నాయనా? ముందే చెప్పుంటే పలావులో మాంసమైనా తగ్గించుకునేదాన్ని కదా."

ఆ కాగితం ఈ వాంగ్మూలంతో జతచేస్తున్నాను. అది పలావు జాబితాయే, హషర్ మర్నాటి తేదీ వేసి అబ్దువోసిత్ మళ్ళీ రాసింది. అవే పేర్లు, అదే వరస. పేరు పేరుకీ ఎదురుగా 150 సొమోనిలు. ముల్లా గారి దువాకు కూడా 150. మొత్తం 2,250. డబ్బు లేకపోతే ఈ ఏటి ఎండు ఖుబానీలు మొత్తం అబ్దువోసిత్ గోదాముకు తోలాలని కింద రాసి ఉంది. నాలుగో పేరు నాది. నేను కూలి తీసుకోలేదు. నాకు ఎవరూ ఇవ్వలేదు, ఇస్తే తీసుకునేవాణ్ణి కాదు. మూడు వారాలుగా ఆమె పదిహేను మంది ఇళ్ళ ముందు నుంచి తల తిప్పుకుని నడుస్తోంది.

ఐదుంబావుకు చాయిఖానాకు వెళ్ళాను. అబ్దువోసిత్ ఇద్దరితో కూర్చుని గ్రీన్ టీ తాగుతున్నాడు. కాగితం ముందు పెట్టాను. ఆయన కోప్పడలేదు, నవ్వాడు.

"కిందటి చలికాలం ఇక్కడే నిలబడి కరపత్రం చదివిందెవడ్రా? శ్రమకు వెల కట్టాలన్నావు. కట్టాను. ఇంకేం కావాలి నీకు?"

"ఆ డబ్బు ఎవరికి పోతుంది పెద్దాయనా?"

"వాడ నిధికి. నిధి ఎవరిది? మీ అందరిదీ. నీ కూలి నీకే జమ అవుతోంది, సంతోషించు."

పక్కనున్న ఇద్దరూ నవ్వారు. అది బస్టాండులో కార్మిక సంఘం వాళ్ళు పంచిన కరపత్రం. ఆ కరపత్రం మూడుసార్లు చదివాను, అందులో దీనికి జవాబు లేదు. శ్రమను అమ్ముకునేవాడి గురించి రాశారు కానీ, ఊరికే ఇచ్చేవాడి గురించి ఒక్క ముక్క రాయలేదు. ఊరికే ఇచ్చినదాన్ని ఇంకొకడు అమ్ముకుంటే దాన్నేమంటారో నాకింకా తెలియదు. దొంగతనం అని రాయమన్నాను. తీర్పు చెప్పడం తన పని కాదని లెఫ్టినెంట్ గారన్నారు. నేను అన్నానని మాత్రం రాశారు.

జూన్ 14, బుధవారం, ఉదయం ఐదూ నలభైకి గడ్డపార, మేకులు పీకే సుత్తి తీసుకుని పిన్ని పెరట్లోకి వెళ్ళాను. ఇది కూలి పనే అయితే, కూలి అందని పనిని వెనక్కి తీసుకుంటానని అనుకున్నాను. నావి ఏడు పలకలే పీకి, భుజాన మోసుకెళ్ళి అబ్దువోసిత్ గుమ్మం ముందు పడేశాను. రెండుసార్లు తిరిగాను. రెండోసారి వచ్చేసరికి పిన్ని టీ కెటిలు పట్టుకుని చెట్టు కింద నిలబడి ఉంది. నడిమి ఖాళీలోంచి ఖుబానీలు కింద మట్టిలోకి రాలి ఉన్నాయి. ఈ ఏటి మొదటి పండ్లవి. లెక్కపెట్టాను, పదకొండు.

పిన్ని తిట్టలేదు. "వాడి మీద కోపం, నా అరుగు మీద తీర్చుకున్నావు" అంది. తర్వాత నాకు టీ పోసింది. తాగలేకపోయాను.

ఈ తప్పు నాది. దీన్ని అబ్దువోసిత్ మీదికి నెట్టను. పలకలు పీకాను, శిక్ష వేస్తే ఒప్పుకుంటాను. కానీ నేను కూలి తీసుకోలేదు.

ఇక్కడ లెఫ్టినెంట్ గారు జతచేసిన కాగితం తీసుకుని మొదటి నుంచి చదివారు. పదకొండో పేరు దగ్గర ఆగారు.

"ఈ జమోల్ ఎవరు?" అన్నారు.

"మన వాడలో ఇంకో జమోల్ లేడు, అన్నా" అన్నాను.

హషర్ రోజు ఆయన యూనిఫాం వేసుకోలేదు. నేను చిత్రిక పడుతుంటే పలక రెండో చివర పట్టుకున్నది ఆయనే. పలావు రెండుసార్లు వడ్డించుకున్నారు. ఇదంతా రాయాలా అని అడిగారు. రాయమన్నాను. రాశారు.

చివరగా నాదొక కోరిక. ఇది వాంగ్మూలంలో ఉండకూడదన్నారు, ఉండాలన్నాను. ఆ జాబితాలో పేరున్న పదిహేను మందికీ ఇది చదివి వినిపించాలి. ఈ వచ్చే ఆదివారం, జూన్ 18, ఉదయం ఆరు గంటలకు మోహ్‌షరీఫ్ పిన్ని పెరటికి రండి. మీ సుత్తి మీరు తెచ్చుకోండి. అబ్దువోసిత్ గుమ్మం ముందు పడేసిన ఏడు పలకలూ, పీకిన మేకులూ నేను తెస్తాను. మేకులు తిన్నగా చేసి ఉంచాను. పలకలు బిగించాక, కూలి తీసుకోలేదని ఒక్కొక్కరూ పిన్ని ఎదురుగా మీ చేత్తో రాసి సంతకం పెట్టండి. అన్నం ఎవరిది వాళ్ళు తెచ్చుకోండి. ఈసారి ఆమె పొయ్యి వెలగకూడదు. ముల్లా గారు కూడా రావాలి, దువా ఉచితమని రాయాలి.

పైనదంతా నా నోటి మాట. చదివి వినిపించగా విన్నాను. రెండు చోట్ల నా కోపం తగ్గించి రాశారు, మళ్ళీ సరిచేయించాను. అబద్ధం లేదు.

సంతకం: సియోవుష్

రాసుకున్నది: జమోల్, లెఫ్టినెంట్. జాబితాలో పదకొండు. కూలి తీసుకోలేదు. ఆదివారం డ్యూటీ లేదు.