తునికి చెట్టు కింద చంద్రభాగ గారు

1964 జూన్ పదిహేనవ తేదీన మన బీడీ కార్మికుల సహకార సంఘం దాజీ పేట్ శాఖలో ఉద్యోగినిగా అడుగుపెట్టిన శ్రీమతి చంద్రభాగ గారు ఈ 1996 జూన్ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్నారు.

మగ్గాల చప్పుడు మధ్య బీడీలు చుడుతూ పెరిగిన ఆ చేతులే, అనతికాలంలో ఇతరులు చుట్టి తెచ్చిన బీడీలను పరీక్షించే గురుతర బాధ్యతను స్వీకరించాయి. సరిగా కుదరని బీడీని కూలి కట్టకుండా ఏరి పక్కన పడవేయడాన్ని మనవాళ్ళు ఛాట్ తీయడం అంటారు. ఆ విషయంలో వారికి చుట్టరికం లేదు, మొహమాటం అసలే లేదు. వారి బల్ల ముందు నోరు పారేసుకోని ఆడమనిషి మన పేటల్లో లేదు. అందరిలోకి గట్టి నోరు జోడ్‌భావి పేట్ యమునాబాయిది.

1989 మే నెలలో మహిళా కార్మికులను అభయారణ్య సందర్శనకు తీసుకువెళ్ళే బాధ్యత కూడా వారిదే. ఆకు తుంచవద్దని, గుంపు వీడవద్దని అటవీ రక్షకుడు ద్వారం వద్దనే హెచ్చరించాడు. దుప్పులను, నెమళ్ళను చూసి అందరూ మురిసిపోతూ నడుస్తుండగా యమునాబాయి కనబడలేదు.  చంద్రభాగ గారు రక్షకునితో వెనక్కి మళ్ళి చూస్తే ఏముంది! పుట్టి బుద్ధెరిగిననాటి నుండి ఎండిన బీడీ ఆకు కత్తిరించడమే తప్ప ఆ ఆకునిచ్చే పచ్చని తునికి చెట్టును ఎన్నడూ చూడని ఆ ఇల్లాలు, ఒళ్ళు మరచి లేతాకులు ఏరి కొంగులో నింపుకుంటోంది. పక్క చెట్టు కిందే, రాలిన తునికి పండ్లు తింటూ ఎలుగుబంటి!

అరవవద్దని రక్షకుడు చేతితో వారించాడు. యమునాబాయి పిల్లలకు రేపు ఏమని చెప్పాలన్న తలపుతోనే చంద్రభాగ గారు చెప్పులు విడిచి, చప్పుడు కాకుండా వెళ్ళి వెనుక నుండి ఆమె మణికట్టు పట్టుకున్నారు. ఆమె తిరిగి చూసింది. ఛాట్ తీసే చేయి అది!

“ఈడ సుత ఛాట్...” అంటూ గొంతెత్తబోయిన ఆ నోటిని వారు అరచేతితో మూసేశారు. ఎలుగుబంటి తల ఎత్తింది.

“నోరు తెరువకు యమునా. తిట్టాలనుంటే మనసుల తిట్టు. ఉరుకకు, నా ఎంబడి మెల్లగ ఎనుకకు రా,” అన్నారు చెవిలో.

అప్పుడు చూసింది యమునాబాయి. ఎలుగుబంటి వెనుక కాళ్ళపై లేచి గాలి వాసన పట్టింది. ఇద్దరూ ఒకరినొకరు పట్టుకుని, ఊపిరి బిగబట్టి, ఒక్కొక్క అడుగే వెనక్కి వేశారు. ఎంతసేపటికో అది మళ్ళీ పండ్ల మీదికి వంగింది.

బస్సులో యమునాబాయి వారి చేయి వదలలేదు. “అక్కా, గీ చెయ్యి జూస్తేనే నాకు మస్తు కోపమొస్తుండె. గిదే లేకుంటే నేనేడ ఉందును?” అని వలవలా ఏడ్చింది. మరుసటి వారం ఆమె బీడీలు మళ్ళీ ఛాట్‌కు పోయాయి, అది వేరే సంగతి!

చంద్రభాగ గారు ఆయురారోగ్యాలతో, మనుమల ముద్దుముచ్చటలతో శేషజీవితం సుఖంగా గడపాలని సహోద్యోగులందరి ఆకాంక్ష. మన సంఘం పత్రిక ఈ సంచిక కోసం రెండు మాటలు చెప్పమంటే, యమునాబాయి కొంగుతో కళ్ళు తుడుచుకుని చేతులు జోడించింది.

“దేవుడా, మా అక్క దినాలల్ల ఒక్కటి సుత ఛాట్ తియ్యకు.”