సౌనా గోడ మీది మరక: ఇర్మెలి హక్కరైనెన్ గారికి అభినందన

1986 సెప్టెంబరు ఒకటవ తేదీన రసాయన శాస్త్రజ్ఞురాలిగా తాంపెరెలోని మన నేరపరిశోధన ప్రయోగశాలలో చేరిన శ్రీమతి ఇర్మెలి హక్కరైనెన్ గారు ఈ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్నారు. చిందిన నెత్తురు ఎరుపు వీడి క్రమంగా గోధుమవర్ణానికి తిరుగుతుంది; ఆ మరకపై కాంతి ప్రసరింపజేసి, తిరిగివచ్చిన రంగులను కొలిచి, అది ఎన్నాళ్ల నాటిదో అంచనా కట్టే విద్యను మనకు నేర్పినవారు వారే.

తొంభైలలో వారు విభాగాధిపతి అయిన కొత్తలోనే పెంటి కరుక్క కేసు వచ్చింది. ఆయన బావమరిది సరస్సు ఒడ్డునున్న కుటీరం నుంచి కనబడకుండా పోయి, చివరకు నీటిలో శవమై తేలాడు. ఆ తర్వాతే అక్కడి ఆవిరిస్నానపు గదిలో, సౌనాలో, బల్ల వెనుక గోడకు అతడి రక్తపు మరక దొరికింది. మరక మూడు వారాల నాటిదని ఇర్మెలి గారు నివేదిక ఇచ్చారు. ఆ వారం అతడితో ఉన్నది పెంటి ఒక్కరే కనుక ఆయనను జైల్లో పెట్టారు. ఆయనకు వ్యతిరేకంగా వేరే ఆధారమేదీ లేదు.

ఒక శనివారం తమ సౌనాలో కూర్చున్న ఇర్మెలి గారికి ఉన్నట్టుండి ఒక అనుమానం తట్టింది. వెంటనే ఆ ఊరి పోలీసు అధికారికి ఫోన్ చేశారు.

"మీరు వెతికిన రోజుల్లో ఆ సౌనా వేడి చేశారా?"

"చెయ్యకుండా ఉంటామా మేడమ్? రోజంతా నీళ్లలో నానిపోయి వచ్చేవాళ్లం. మనిషి తప్పిపోయాడనే అనుకున్నాం గానీ, గోడకి రక్తముందని మాకేం తెలుసు?"

అంతే. అలాంటి చెక్కలే తెచ్చి, తమ వేలు పొడుచుకుని నెత్తురు చిందించి, ఇంటి సౌనాలో రోజూ పొయ్యి రాజేశారు. భర్త ఒలావి గారు మాత్రం లబోదిబోమన్నారు.

"స్నానానికొస్తే గోడంతా నీ రక్తమేనా ఇర్మెలీ? పక్కింటివాళ్లు చూస్తే పోలీసులు ముందు నన్నే పట్టుకుపోతారు!"

ఆ వేడికి వారం తిరగకుండానే మరకలు మూడు వారాల వాటిలా ముదురు గోధుమరంగు తేలాయి.

నివేదిక వెనక్కి తీసుకుంటానంటే అప్పటి సంచాలకులు తల పట్టుకున్నారు.

"మన పరువేం కావాలండీ?"

"పరువుదేముంది, మళ్లీ సంపాదించుకుందాం. ఆ మనిషి లోపలున్నాడండీ."

న్యాయస్థానంలో మరక వయసెంతని మళ్లీ అడిగినప్పుడు, నిండు సభలో వారిచ్చిన సమాధానం ఒక్కటే: "నేను చెప్పలేను." ఆ సాయంత్రమే పెంటి గారు ఇంటికి వెళ్లారు. ఇంతటి నిబ్బరం గల పెద్దదిక్కు నీడన పనిచేసినందుకు మేము గర్విస్తున్నాం.

ఈ అభినందన సంచిక సంగతి తెలిసి, శుభాకాంక్షల్లో తన పేరూ కలపమని ఎనభయ్యో పడిలో ఉన్న పెంటి గారు ఫోన్ చేసి అడిగారు. ఇర్మెలి గారు ఒలావి గారితో కలిసి ఆరోగ్యంగా, హాయిగా, నిండు నూరేళ్లు జీవించాలని మనసారా కోరుకుంటూ,

మీ సహోద్యోగులు, మరియు పెంటి కరుక్క.