సిగ్గు ముక్క

చిలోయే దీవిలో నా చెవులకున్న పదును ఇంకెవరికీ లేదు. ఆల్చిప్ప మూసుకునే చప్పుడు సైతం ఒడ్డున కూర్చుని వింటాను. పక్కింట్లో ఒంటరిగా ఉంటున్న ఆవిడ దగ్గరికి పడవల మేస్త్రీ సాయంత్రం టీకి వచ్చినప్పుడు విన్నదిది. పాలపాకం పూసి చుట్టిన కేకు, మేం 'రాణిగారి చెయ్యి' అంటాం, పళ్లెంలో ఒక్క ముక్క మిగిలింది.

"తీసుకోండి."

"అమ్మో, చివరిది సిగ్గు ముక్క! తింటే ఊరంతా నన్ను తిండిపోతంటుంది."

"ఇప్పుడు మాత్రం ఏమంటోంది? ముప్పావు కేకు మీ పొట్టలోనే ఉంది."

"మీ చేతి రుచి అలాంటిది. రోజూ ఈ కొండెక్కి రాలేకపోతున్నానండీ."

"అయితే మానేయండి."

"మానను. నన్ను పెళ్లి చేసుకోండి."

"ఈ ఇల్లు వదిలి నేనెక్కడికీ రాను."

"మిమ్మల్నెవరు రమ్మన్నారు? మన దీవిలో ఇల్లు మారేవాళ్లంతా చేసేదేగా! ఎడ్లు కట్టి, ఊళ్లోవాళ్లందర్నీ పిలిచి, నా చెక్క ఇంటినే దుంగల మీద ఇక్కడికి లాగించుకొస్తా."

"లాగినవాళ్లందరికీ విందు పెట్టాలి. కేకులెవరు చుడతారు?"

"అందుకేగా ముందు మిమ్మల్ని అడుగుతున్నా!"

ఆవిడ ఆ ముక్కను రెండుగా కోసింది.

"సగం మీకు, సగం నాకు. ఇక సిగ్గు ఇద్దరిదీ."

నా చెవుల సంగతా? ఎదురుగా అరిచినా సరిగ్గా వినబడదు. గోడ చెక్కల సందులోంచి చూసి, విని, నాకు చెప్పింది మా ఆవిడ. నేను కల్పించింది ఆ సగం ముక్కల సంగతొక్కటే. నిజానికి పక్కింటావిడ ముక్కంతా తనే తినేసి, వేళ్లు నాక్కుంటూ, "ఎడ్లెప్పుడొస్తాయి?" అందట.